తిరువూరు వీధిలోనే సగం ఆర్కెస్ట్రా

ఎల్‌కేజీ పిల్లల పుస్తకంలో వాద్యాలకు ఒక పేజీ కేటాయిస్తారు. గిటార్, డ్రమ్, పియానో, వయొలిన్, ట్రంపెట్, పిల్లనగ్రోవి గళ్లుగళ్లుగా ఉంటాయి, కింద పేర్లు ఉంటాయి. టీచరమ్మ వేలు పెట్టి చూపిస్తుంది, పిల్లలు గొంతెత్తి పలుకుతారు, పక్క పేజీలో వాహనాలు మొదలవుతాయి. వయొలిన్‌ను నోటితో ఊదుతారని పిల్లవాడు అనుకున్నా వాడి మార్కు వాడికి పడుతుంది. పేరు నోటికొచ్చింది కదా, ఇంకేం కావాలి!

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆర్కెస్ట్రా వాద్యాలను ఎలా పరిచయం చేయాలన్న ప్రశ్న మీద ప్రపంచంలో దాదాపు తొంభై ఏళ్లుగా గట్టి ప్రయత్నాలే జరిగాయి. కథలు రాశారు, సినిమాలు తీశారు, టీవీ కార్యక్రమాలు నడిపారు, కాగితంతో వయొలిన్లు చేశారు. వాటిలో ఏవి నిలిచాయి, ఏవి ఒట్టి ప్రచారం, ఎన్టీఆర్ జిల్లా తిరువూరు లాంటి ఊళ్లో ఏవి పనికొస్తాయి అన్నది చూద్దాం. విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దు పక్కన, మామిడి తోటల నడుమ ఉన్న పట్టణం ఇది. సింఫనీ బృందాలు బస్సు దిగే ఊరు కాదు. అయినా ఆర్కెస్ట్రాలో సగం ఇక్కడి వీధుల్లో ఎప్పట్నుంచో తిరుగుతూనే ఉందని నా వాదన. మనం పిల్లల్ని దాని దగ్గరికి తీసుకెళ్లడం లేదు, అంతే.

ముందు బయటి ప్రపంచం సంగతి. 1936లో మాస్కోలో పిల్లల నాటకశాల నడుపుతున్న నటాలియా సాట్స్ అడిగితే సెర్గేయ్ ప్రొకోఫియెవ్ ‘పీటర్ అండ్ ది వోల్ఫ్’ కూర్చాడు. ఈ ప్రశ్నకు ఇప్పటికీ చాలామంది చెప్పే మొదటి జవాబు అదే. కథలో ఒక్కో పాత్రకు ఒక్కో వాద్యం. పిట్టకు ఫ్లూట్, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తాతయ్యకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు, పీటర్‌కు తీగ వాద్యాల గుంపు, వేటగాళ్ల తుపాకి మోతకు పెద్ద డ్రమ్ములు. అరగంట లోపే అయిపోతుంది. నాలుగేళ్ల పిల్ల కూడా కదలకుండా వింటుంది. ఆ పిల్ల దృష్టంతా బాతును తోడేలు మింగుతుందా లేదా అన్న దాని మీదే ఉంటుంది, ఓబో గొంతు ఆ కంగారులో దానంతటదే చెవిలోకి దిగిపోతుంది.

ప్రొకోఫియెవ్ ఇంకో మాట కూడా చెప్పాడు, దాన్ని మాత్రం అందరూ వదిలేస్తున్నారు. ప్రదర్శనకు ముందు ఆ వాద్యాలను పిల్లలకు చూపించి, ఒక్కో పాత్ర బాణీని విడిగా వాయించి వినిపిస్తే మంచిదని స్వరలిపి మొదట్లోనే సూచన రాసి పెట్టాడు. ఇప్పుడు బళ్లలో పెద్ద తెర మీద దాని యానిమేషన్ పెట్టి పిల్లల్ని కూర్చోబెడితే బాతు కనిపిస్తుంది, ఓబో కనిపించదు. ఎవరో ఊదుతున్నారన్న ఊహే పిల్లవాడికి రాదు. ఇలా చూపిస్తే మంచి కథ విన్నట్టే గానీ వాద్యాలు పరిచయమైనట్టు కాదు.

రెండో దారి బెంజమిన్ బ్రిటన్‌ది. ఇంగ్లండ్‌లో ‘ఆర్కెస్ట్రా వాద్యాలు’ అన్న విద్యా చిత్రం కోసం 1945లో అతను ‘యంగ్ పర్సన్స్ గైడ్ టు ది ఆర్కెస్ట్రా’ రాశాడు. పదిహేడో శతాబ్దపు హెన్రీ పర్సెల్ బాణీని తీసుకుని మొదట అందరితో, తర్వాత ఊదే కర్ర వాద్యాలు, ఇత్తడి వాద్యాలు, తీగలు, కొట్టే వాద్యాలు అని వర్గాలవారీగా, ఆ తర్వాత ఒక్కో వాద్యంతో వాయింపజేసి, చివర అందరినీ మళ్లీ కలిపాడు. పనితనంలో దానికి సాటి లేదు. ఆరేళ్ల పిల్లలకు మాత్రం అది ఎక్కదు. వర్గీకరణ మీద ఆసక్తి పుట్టేది ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాతే. కథ అవసరమైన వయసులో జాబితా చేతికిస్తే ఆవలింతలే మిగులుతాయి.

మూడోది లెనర్డ్ బెర్న్‌స్టీన్ మాటల దారి. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో 1958 నుంచి 1972 వరకు 53 టీవీ కార్యక్రమాలు చేశాడు. పియానో దగ్గర కూర్చుని, జోకులు వేస్తూ, వాయిస్తూ, ఆపి అడుగుతూ పిల్లలతో మాట్లాడాడు. మనకూ అలాంటి మనుషులు లేకపోలేదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి పిల్లలతో పిల్లల్లా మాట్లాడి తెలుగు ఇళ్లలో రెండు తరాలను రేడియో ముందు కూర్చోబెట్టారు. వాళ్ల శ్రద్ధ పాటలు, నాటికలు, కథల మీద ఉండేది. వాద్యాల్ని ఒక్కొక్కటిగా విప్పి చెప్పే పని తెలుగులో అంత పెద్ద ఎత్తున ఎవరూ చేపట్టలేదన్నది నా ఫిర్యాదు.

ఇవన్నీ వినిపించే దారులు. చేతికిచ్చే దారులు వేరు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ పిల్లల కోసం కర్ర పలకల జైలోఫోన్లు చేయించాడు. వాటి పలకలు ఊడదీయొచ్చు. రెండు స్వరాలు తీసేసి ఐదే ఉంచితే పిల్లవాడు ఎక్కడ కొట్టినా చెవికి ఇంపుగానే ఉంటుంది. ఆ ఐదు స్వరాలను సరిచూస్తే మన మోహన రాగమే. జపాన్‌లో షినిచి సుజుకి, పసివాడు అమ్మ మాటలు వింటూ మాట నేర్చుకున్నట్టే సంగీతమూ వింటూనే రావాలన్నాడు. పూర్తి సైజులో పదహారో వంతు అని పిలిచే బుల్లి వయొలిన్లను మూడు, నాలుగేళ్ల పిల్లల భుజం మీద పెట్టాడు, పక్కన తల్లికీ పాఠం చెప్పాడు. వెనిజులాలో జోస్ ఆంటోనియో అబ్రెయు 1975లో మొదలుపెట్టిన ‘ఎల్ సిస్తెమా’ పేద పిల్లలను నేరుగా ఆర్కెస్ట్రాలోనే కూర్చోబెట్టింది. అక్కడ కొన్ని కేంద్రాల్లో అసలు వాద్యం ఇచ్చే ముందు కాగితపు గుజ్జు, అట్టతో చేసిన వయొలిన్ ఇస్తారు. ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలి, కింద పడకుండా ఎలా చూసుకోవాలి అన్నది దానితో నేర్చుకుంటారు. క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని మరీ బిగిస్తారన్న విమర్శ ఆ సంస్థ మీద ఉంది. అట్ట వయొలిన్ ఆలోచన మాత్రం భేషైనది, ఖర్చు లేనిది. చెన్నైలో ఏఆర్ రెహమాన్ ఫౌండేషన్ పేద పిల్లలకు ఉచితంగా శిక్షణ ఇచ్చి నడిపే సన్‌షైన్ ఆర్కెస్ట్రా మనకు దగ్గరి ఉదాహరణ.

ఇక శాస్త్రం ఏమంటోందో చూడాలి, ఎందుకంటే తల్లిదండ్రుల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించింది శాస్త్రం పేరుతో జరిగిన ప్రచారమే. 1993లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. మోజార్ట్ సంగీతం పది నిమిషాలు విన్న కాలేజీ విద్యార్థులు ఆకారాలకు సంబంధించిన ఒక రకం పరీక్షలో కాసేపు మెరుగ్గా రాణించారని దాని సారాంశం. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు, పైగా అందులో పసిపిల్లలెవరూ లేరు. అయినా అది ‘మోజార్ట్ వింటే పిల్లల తెలివి పెరుగుతుంది’గా మారిపోయింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగాడు. సంగీత శిక్షణతో పిల్లల చదువు, తెలివి పెరుగుతాయా అని చూసిన 54 అధ్యయనాలను, దాదాపు 7,000 మంది పిల్లల లెక్కలను, సాలా, గోబెట్ అనే ఇద్దరు 2020లో ఒకచోట చేర్చి పరిశీలించారు. పద్ధతిగా జరిగిన అధ్యయనాల్లో ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేల్చారు. కాబట్టి ‘కీబోర్డు నేర్పిస్తే లెక్కలు బాగా వస్తాయి’ అన్న కరపత్రం ఇంటికొస్తే పక్కన పెట్టేయండి. లెక్కలు రావాలంటే లెక్కలే చేయించాలి. సంగీతం సంగీతం కోసమే.

అదే శాస్త్రంలో మనకు నిజంగా పనికొచ్చే మాట ఇంకొకటుంది. ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ 2005లో ఉత్తర అమెరికా పసిపిల్లల మీద చేసిన పరిశోధన అది. ఆరు నెలల పిల్లలు తమ ఇళ్లలో వినపడని బాల్కన్ దేశాల మెలిక తాళాల్లో తేడాలను కూడా పసిగట్టారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి సన్నగిల్లి, చుట్టూ వినిపించే తాళాలకే చెవి అలవాటు పడిపోయింది. మళ్లీ కొద్ది రోజులు వినిపిస్తే ఆ వయసులో తిరిగి పట్టుకున్నారు. చుట్టూ ఏం మోగుతుందో అదే చెవిని తయారుచేస్తుందన్నమాట. మరి తిరువూరులో పిల్లల చుట్టూ ఏం మోగుతోంది?

పెళ్లి మేళంతో మొదలుపెడదాం. సన్నాయి, డోలు, తాళాలు, శ్రుతి పెట్టె. పందిట్లో మేళం వాళ్లను ఒక మూలకు కూర్చోబెడతాం, పిల్లలు ఆ పక్కగా పరిగెడుతూ ఉంటారు. ఒక్క ఐదు నిమిషాలు పిల్లవాణ్ని వాళ్లకు రెండడుగుల దూరంలో కూర్చోబెట్టి చూడండి. సన్నాయి విద్వాంసుడు వాయించే ముందు పీకను నోట్లో పెట్టుకుని తడుపుతాడు. అది నాణెం అంచంత సన్నటి రెల్లు పొరల జంట. దాన్ని వాద్యం పైకొసకు బిగించి రెండు పెదవుల మధ్య పట్టి ఊదితే ఆ పొరలు ఒకదానికొకటి కొట్టుకుని కంపిస్తాయి. శబ్దం పుట్టేది అక్కడ, పొడవాటి కర్ర గొట్టం దాన్ని పెంచుతుంది, కింద గంట ఆకారంలో ఉండే అనసు బయటికి విసురుతుంది. వాద్యానికి దారంతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి తొడుగుతాడు. వేళ్లు పెట్టే రంధ్రాలు ఏడు. వాటి కింద ఇంకో ఐదు ఉంటాయి, వాటిని వేళ్లతో మూయరు, శ్రుతి సరిచేసుకోవడానికి మైనంతో పూడుస్తారు.

ఓబో కూడా సరిగ్గా ఇలాంటిదే. రెండు రెల్లు పొరలు, కర్ర గొట్టం. బసూనూ అంతే. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో కచేరీకి ముందు అందరూ శ్రుతి కలుపుకునేది ఓబో ఇచ్చిన స్వరానికే. సన్నాయిని దగ్గర్నుంచి చూసిన పిల్లకు ఓబో పరాయిది కాదు, చుట్టాలమ్మాయి. ప్రొకోఫియెవ్ బాతు అరుపు వినగానే ‘ఇది సన్నాయి లాగుందే’ అంటుంది. ఆ ఒక్క మాట అనగలిగితే పుస్తకంలో పేజీ మొత్తం నేర్చుకున్నదాని కంటే ఎక్కువ నేర్చుకున్నట్టు.

డోలు వైపు చూస్తే ఇంకో వింత. డోలు వాద్యగాడి కుడి చేతి వేళ్లకు గట్టి తొడుగులుంటాయి. గుడ్డ పేలికలకు పిండి జిగురు పట్టించి వేలికి చుట్టి ఆరబెట్టినవి. ఎడమ చేతిలో పొట్టి కర్ర. ఒక పక్క కర్ర మోత, ఒక పక్క తొడుగుల చిటపట, మధ్యలో పనస చెక్క పీపా. పిల్లలు ఆ తొడుగుల్ని తమ వేళ్లకు పెట్టుకుని చూస్తామంటారు, పెట్టుకోనివ్వాలి. ఇక మంగళసూత్రం వేళకు పురోహితుడు ‘గట్టిమేళం’ అని కేకేస్తాడు. అప్పటిదాకా రాగం నెమ్మదిగా నడిపించిన మేళం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. చిన్న శబ్దం, పెద్ద శబ్దం, అందరూ కలిసి మోగించే శబ్దం అన్న పాఠాన్ని ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఊరేగింపులో బ్యాండు మేళం వస్తుంది. ఎర్ర కోట్లు వేసుకున్న ఆ మనుషుల చేతుల్లో ఉన్నవి చాలావరకు సాక్షాత్తూ ఆర్కెస్ట్రా వాద్యాలే: క్లారినెట్, ట్రంపెట్, కడుపు పెద్దగా ఉండే యుఫోనియం, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్. క్లారినెట్‌కు ఒకటే రెల్లు పొర, సన్నాయికి రెండు. ట్రంపెట్‌కు పొరే లేదు, వాయించేవాడి పెదవులే కంపిస్తాయి. గుడిలో శంఖం ఊదేదీ, జంగమయ్య ఊదేదీ, జాతరలో కొమ్ముబూర ఊదేదీ ఆ సూత్రంతోనే. పెదవులు బిగించి ‘బ్ర్‌ర్‌’ అనమంటే పిల్లలందరూ ఎగబడి చేస్తారు. ఇత్తడి వాద్యాల పాఠం అయిపోయినట్టే, చొక్కాలు తడవడం ఒక్కటే నష్టం. ఇక పిల్లనగ్రోవి ఉండనే ఉంది. పక్క గంపలగూడెం మండలంలోని నెమలి వేణుగోపాలస్వామి చేతిలో చూడని పిల్లలు ఈ చుట్టుపక్కల తక్కువ. తిరునాళ్లలో గడకర్రకు గుత్తులుగా కట్టి అమ్మే వెదురు పిల్లనగ్రోవుల్లో కొన్నింటికి కొసన ఈలలా నోరు కోసి ఉంటుంది, కొన్నింటిని అడ్డంగా పట్టి ఊదాలి. రెండు రకాలూ కొనివ్వండి. మొదటిది ఎవరు ఊదినా పలుకుతుంది, రెండోది పలకడానికి రోజులు పడుతుంది. ఎందుకలా అని పిల్లవాడే అడుగుతాడు.

వయొలిన్ పుట్టింటి పేరు ఇటలీయే గానీ, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడిగా, తర్వాత ప్రిన్సిపాల్‌గా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని పక్కవాద్యం స్థాయి నుంచి కచేరీ మధ్యలోకి జరిపారు. విజయవాడలో అన్నవరపు రామస్వామి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. తేడా కూర్చునే తీరులో ఉంది. మనవాళ్లు నేల మీద మఠం వేసుకుని వయొలిన్ తలను పాదం మీద ఆనిస్తారు, పాశ్చాత్యులు కుర్చీలో కూర్చుని గెడ్డం కింద పెట్టుకుంటారు. గుర్రపు వెంట్రుకల కమానుకు రోజిన్ రుద్దకపోతే తీగ మీద జారిపోతుంది తప్ప శబ్దం రాదు. రోజిన్ రుద్దకముందు ఒకసారి, రుద్దాక ఒకసారి లాగి చూపిస్తే పిల్లలు ఆ మహిమను జన్మలో మరిచిపోరు. మృదంగం దగ్గరా ఇలాంటిదే ఒకటుంది. ఎడమ వైపు రవ్వ తడిపి ముద్దచేసి అతికిస్తారు, వాయించడం అయ్యాక గీకి పారేస్తారు. కుడి వైపు నల్లటి పూత శాశ్వతం. ఆ పూత వల్లే మృదంగం ఉత్త మోతలా కాక స్వరంలా పలుకుతుందని సీవీ రామన్ 1920 నుంచే రాశారు. వంటింటి రవ్వకూ నోబెల్ శాస్త్రవేత్తకూ ముడిపడే చోటు పిల్లలకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

వీణ కావాలంటే నూజివీడు దూరమేమీ కాదు, అక్కడ వీణలు చేసే కుటుంబాలున్నాయి. బొబ్బిలి వీణలాగే పనస చెక్కే ముడిసరుకు. మెట్లు 24, మైనంలో గుచ్చి నిలబెడతారు. వినిపించడానికి చిట్టిబాబు ‘కొమ్మలో కోయిల’ చాలు. వీణ తీగ మీద కోయిల కూస్తుంది, ప్రొకోఫియెవ్ పిట్టకు మన జవాబు అది. కిన్నెర అంటే దర్శనం మొగిలయ్య. 2021లో సినిమా పాట ముందు ఆయన గొంతు, ఆ పన్నెండు మెట్ల వాద్యం విని ఊళ్లలో పిల్లలంతా తిరిగి పాడారు. సినిమాను చిన్నచూపు చూడనక్కర్లేదు, తెలుగు చెవికి యాభై వయొలిన్లు ఒకేసారి మోగడం అంటే ఏమిటో తెలిసింది సినిమా పాటల్లోనే. ఆకాశవాణి 1952లో మొదలుపెట్టిన జాతీయ వాద్యవృందాన్ని కొంతకాలం నడిపింది మన ఈమని శంకరశాస్త్రి. వీణ, సితార్, సరోద్, వయొలిన్ ఒకే వరసలో కూర్చున్న ఆ ప్రయోగాన్ని బళ్లలో ఎవరైనా వినిపిస్తున్నారా అంటే అనుమానమే.

వీటన్నింటికీ ముందు డప్పు. గుండ్రటి చెక్క చట్రం, బిగించిన తోలు, ఒక చేతిలో లావు సిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. వేడికి తేమ ఆరి తోలు బిగుస్తుంది, శ్రుతి పైకి లేస్తుంది. ఆర్కెస్ట్రాలో టింపనీ వాయించేవాడు పాదంతో పెడల్ తొక్కి చేసేదీ తోలు బిగువు మార్చడమే. జాతరకూ, పీర్ల పండగకూ, చావుకూ మోగే ఈ వాద్యాన్ని ఏ ఎల్‌కేజీ పుస్తకమూ పేజీలో పెట్టదు. ఎందుకు పెట్టదో పెద్దలకు తెలుసు. ఏ వాద్యాన్ని ఏ కులం వాళ్లు వాయిస్తారన్న లెక్క మన ఊళ్లలో ఇంకా చెరిగిపోలేదు. డప్పు మాదిగల చేతిలో, డోలు సన్నాయి నాయీబ్రాహ్మణుల చేతిలో, వీణ మరొకరి నట్టింట్లో. ఆ గీతల్ని దాటినవాళ్లూ ఉన్నారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగంలో స్థిరపడి సంగీత కళానిధి అయ్యారు. ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను అందుకునేవాళ్లలో డప్పు కళాకారులూ ఉన్నారు. ప్రభుత్వ జాబితాలో చేరిన కళాకారుడు బడి గేటు లోపలికి ఎందుకు రాకూడదు? వాద్యాలకు పెద్దాచిన్నా ఉండదని పిల్లలకు చెప్పనక్కర్లేదు, మనం నేర్పకపోతే వాళ్లకు ఆ తేడా తెలియదు.

భరతుడి నాట్యశాస్త్రం వాద్యాలను తీగవి, గాలివి, తోలు బిగించినవి, గట్టి లోహానివి అని నాలుగుగా విడగొట్టింది, అంటే దేనివల్ల శబ్దం పుడుతుందో దాన్ని బట్టి. బెల్జియంలో మహియోఁ అనే ఆయన ఈ నాలుగు విభాగాలతోనే వాద్యాలను సర్దాడు, 1914లో పండితులు హార్న్‌బోస్టెల్, జాక్స్ దానిమీదే తమ పద్ధతిని కట్టారు. పిల్లలకు కూడా ఇదే సులువు. ‘ఇందులో వణికేది ఏది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. సంక్రాంతి హరిదాసు చిడతల దగ్గర్నుంచి సెల్లో దాకా దేన్నైనా దానితో పట్టుకోవచ్చు.

పిల్లల చెవికి పోటీ ఎక్కడుందంటే డీజే పెట్టెల్లో, కీబోర్డులో. పండగ స్టేజీ మీద ఒకే కీబోర్డు బటన్ నొక్కితే వయొలిన్, ఇంకోటి నొక్కితే సన్నాయి, పక్కన ప్యాడ్ మీద తబలా. వాయించేవాడి నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు, చర్చిలో ఆదివారం కీబోర్డు పట్టి సంగీతంలోకి వచ్చిన కుర్రాళ్లు మన వైపు ఎందరో. కానీ పసివాడు మొదటి వయొలిన్ శబ్దాన్ని స్పీకరులోంచే విని, కమాను అనేది ఒకటుందని తెలియకుండా పెరిగితే అది లోటే. డీజే సంగతి వేరే, అది ఆరోగ్య సమస్య. పిల్లలు వాడే సంగీత పరికరాల్లో 75 డెసిబెల్స్ మోతను వారానికి 40 గంటలకు మించి విననివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ప్రమాణం. డీజే పెట్టె ముందు తండ్రి భుజం మీద కూర్చున్న రెండేళ్ల బిడ్డకు ఆ లెక్క నిమిషాల్లోనే దాటిపోతుంది. మేళం దగ్గర కూర్చోబెట్టేటప్పుడు కూడా అనసుకు ఎదురుగా కాక పక్కగా కూర్చోబెట్టాలి.

వాయించడం నేర్పే వయసు గురించి ఒక్క మాట. చూడటానికి, ముట్టుకోవడానికి వయసు అడ్డం కాదు. డప్పు, చిడతలు, తాళాలు మూడేళ్లకే ఇవ్వొచ్చు. బుల్లి వయొలిన్ నాలుగైదేళ్లకు. ట్రంపెట్, క్లారినెట్ మాత్రం ముందు పాలపళ్లు ఊడి కొత్తవి గట్టిపడేదాకా ఆగాలి, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్లు. సన్నాయికి ఊపిరి బలం కావాలి కాబట్టి ఇంకా ఆగడమే మంచిది. ఇంట్లో వాద్యం కనిపిస్తూ ఉంటే ఇవేవీ పట్టించుకోని పిల్లలూ పుడతారు. పాలకొల్లులో తండ్రి మాండలిన్‌ను ఆరేళ్లకే చేతికి తీసుకున్న శ్రీనివాస్, 1978లో తొమ్మిదేళ్ల వయసులో మన గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు, పాడి వినిపించేవారు, పిల్లవాడు తీగ మీద పట్టుకునేవాడు. బాలమురళీకృష్ణ ఇంట్లో తండ్రిది వేణువు, తల్లిది వీణ. అందరూ బాలమురళులు కావాలనేం లేదు, నట్టింట్లో వాద్యం గోడకు వేలాడే ఇల్లు ఎలాంటిదో చెప్పడానికి ఈ పేర్లు.

హార్న్, హార్ప్, సెల్లో, బసూన్ తిరువూరులో దొరకవు. వాటికి ప్రభుత్వ బళ్లలో పెట్టిన పెద్ద డిజిటల్ తెరలు వాడుకోవచ్చు, అయితే యానిమేషన్ బొమ్మ బదులు మనిషి వాయిస్తున్న వీడియోనే పెట్టాలి. సన్నాయి చూసిన వారం ఓబో వీడియో, శంఖం ఊదిన వారం హార్న్ వీడియో. పై తరగతుల పిల్లలతో అట్ట వయొలిన్లు చేయించొచ్చు, విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు విహారయాత్రలో ఒక పూట కేటాయించొచ్చు. కొండపల్లి మీదుగానే దారి కాబట్టి సన్నాయి, డోలు వాయించే కొయ్యబొమ్మలు కనిపిస్తే నాలుగు కొని తరగతి బీరువా మీద పెట్టొచ్చు.

వీటన్నింటికంటే ముందు చేయాల్సిన పని తిరువూరు బళ్ల ప్రధానోపాధ్యాయులకు, అంగన్‌వాడీ టీచర్లకు చెబుతున్నాను. ముహూర్తాలు లేని నెలల్లో మేళం వాళ్లు, బ్యాండు వాళ్లు, డప్పు వాళ్లు ఖాళీగానే ఉంటారు. నెలకొకరిని బడికి పిలవండి, అరగంట చాలు. ఉపన్యాసాలు వద్దు, మైకు వద్దు. పిల్లల్ని నేల మీద చుట్టూ కూర్చోబెట్టండి, వాద్యాన్ని ముట్టుకోనివ్వండి, ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి. వచ్చినవాళ్లకు పెళ్లిలో ఇచ్చినట్టే డబ్బులివ్వండి. శాలువాతో సరిపెట్టకండి.